పసులకాపరిని అడిగిన ప్రశ్నలు

తెలంగాణ పల్లెల్లో వెట్టిని, జీతగాళ్ల కట్టుబానిసత్వాన్ని ఎదిరించిన పాటలు ఎన్నో ఉన్నాయి. వాటిలో పనితనం చూసి నేర్చుకోవాల్సిన పాట ఒక్కటి చెప్పమంటే సుద్దాల హనుమంతు రాసిన ‘పల్లెటూరి పిల్లగాడా’ పేరే చెబుతాను. గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ సినిమా వల్ల అది తెలుగునాడంతా తెలిసింది. విన్నవాళ్లకు కన్నీళ్లు తెప్పించే పాటగా దానికి పేరుంది. ఆ కన్నీళ్ల వెనక ఎంత లెక్క, ఎంత నేర్పు ఉన్నాయో విడమరచి చెప్పుకున్నది మాత్రం తక్కువ.

పాట పుట్టింది నల్లగొండ గడ్డ మీద. అది చెప్పే బతుకు ఒక్క నల్లగొండది కాదు. బాన్సువాడ దగ్గరి నస్రుల్లాబాద్ వంటి ఊళ్లలో ఇవాళ నిజాంసాగర్ నీళ్లతో వరి పండుతోంది. ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2016 దాకా నిజామాబాద్ జిల్లాలోది. వెట్టిని వ్యతిరేకించిన తెలుగువారి సంస్థ ఆంధ్ర మహాసభ 1937లో మందుముల నరసింగరావు అధ్యక్షతన సమావేశమైంది నిజామాబాద్‌లోనే. ఈ జిల్లాతో సహా హైదరాబాద్ రాజ్యంలోని తెలుగు జిల్లాలన్నిటా వెట్టి పెద్ద గాయం. అప్పు కింద మనిషిని కట్టేసుకునే పద్ధతిని భగేలా అనేవారు. తండ్రి చేసిన బాకీకి కొడుకు పసులకాపరిగా కుదిరేవాడు. బడికి పోవాల్సిన వయసులో తెల్లారకముందే దొడ్డి తలుపు తీసేవాడు. హనుమంతు తన పాటకు ఎంచుకున్నది ఆ పిల్లవాణ్నే.

ముందు నడక చూద్దాం. పాదంలో మూడు మాత్రలు, ఆ వెంట నాలుగు మాత్రలు, మళ్లీ మూడు, మళ్లీ నాలుగు. అంటే మిశ్రగతి. 1910లో గురజాడ ‘ముత్యాల సరాలు’లో నిలబెట్టిన నడక ఇదే. జానపదుల నోళ్లలో అంతకుముందే నలిగినది కాబట్టి చదువురాని గొంతుకు కూడా బరువనిపించదు. చరణంలో మొదటి రెండు పాదాలు ఈ గతిలో సమంగా సాగుతాయి. మూడో పాదం కూడా అలాగే మొదలై, చివరికొచ్చేసరికి దీర్ఘం మీద సాగి ప్రశ్నగా నిలుస్తుంది. ఆ వెంటనే పిల్లవాణ్ని పిలిచే మకుటం వస్తుంది. రెండు పాదాల్లో చూపించడం, మూడో పాదంలో అడగడం, ఆపైన పిలిచి మళ్లీ అడగడం. దాదాపు ప్రతి చరణానిదీ ఈ కట్టడమే. గొంతు సాగే చోటే ప్రశ్న ఉండటం వల్ల, ఆ సాగదీతలో వినేవాడికి ఆలోచించే వ్యవధి దొరుకుతుంది.

రెండోది, పిలుపు. ఒక శూరుణ్ని పిలిచినంత గౌరవంగా ఈ పసివాణ్ని పిలుస్తాడు కవి. అదే ఊపిరిలో, వీడు పాలు మరిచి ఎన్నాళ్లయిందోనని అడుగుతాడు. రోజంతా ఆవుల వెంట తిరిగే పిల్లవాడికి పాలచుక్క అందదు. దోపిడీ గురించి ఒక ఉపన్యాసం చెప్పగలిగినదంతా ఈ ఒక్క పొందికలోనే ఉంది. కవి వ్యాఖ్యానం జోలికి పోడు, పక్కపక్కన పెట్టి ఊరుకుంటాడు.

మూడోది, వస్తువులు. చినిగిన అంగీ, అందులోంచి దూరే చలిగాలి, తలమీద గోనెపట్టా, కాళ్లకు తాటి జెగ్గల జోళ్లు. చూపు వంటి మీది నుంచి కాళ్ల దాకా దిగుతుంది. తర్వాత మందలోకి, కంచె దూకిన దూడల్లోకి, పాడైన చేలోకి వెళ్తుంది. అప్పుడు దెబ్బ పడుతుంది. కొట్టింది పాలికాపు. ఆ పొలంలో చెమటోడ్చే మరో మనిషే. పై నుంచి వచ్చిన బరువు చివరికి అందరికన్నా చిన్నవాడి వీపు మీద ఎలా దిగుతుందో ఈ చిన్న వివరం చెబుతుంది.

అన్నిటికన్నా గట్టి దెబ్బ కొలతల దగ్గర ఉంది. నెలకు ఇంత ధాన్యమని ఒప్పందం. ఇచ్చినవి తాలుగింజలు, అవైనా కొలిస్తే సేరు తక్కువ. పాటలో జాలి ఇక్కడ లెక్కగా మారుతుంది. జాలిపడినవాడు నిట్టూర్చి ఇంటికి పోవచ్చు. తనకూ సేరు తక్కువే వచ్చిందని గుర్తొచ్చినవాడు అలా పోలేడు. కూలి జనం ముందు పాడే పాటకు ఇంతకన్నా పదునైన చోటు లేదు.

ఇటువంటి పనితనాన్నే అమెరికా బానిసత్వ వ్యతిరేక కవుల్లోనూ చూస్తాం. బానిసగా పుట్టి 1834లో తప్పించుకున్న విలియం వెల్స్ బ్రౌన్ 1848లో సభల్లో పాడటానికి ఒక పాటల పుస్తకం కూర్చాడు. జనానికి తెలిసిన బాణీలకే కొత్త మాటలు కట్టిన పాటలవి. హనుమంతు కూడా గొల్లసుద్దులు, బుర్రకథ, యక్షగానం వంటి ఊరెరిగిన రూపాల్నే పట్టుకున్నాడు. యక్షగానం కూడా రాశాడు. ఫ్రాన్సిస్ ఎలెన్ వాట్కిన్స్ హార్పర్ బాల్టిమోర్‌లో స్వేచ్ఛాజీవులైన నల్లజాతి కుటుంబంలో పుట్టిన కవయిత్రి. 1854 నుంచి ఊరూరా తిరిగి బానిసత్వానికి వ్యతిరేకంగా ప్రసంగించింది. కొడుకును పోగొట్టుకుంటున్న బానిసతల్లి మీద ఆమె రాసిన కవిత, ఆ కేక మీకు వినబడిందా అని పాఠకుణ్నే నిలదీస్తూ మొదలవుతుంది. ప్రశ్నే ఇద్దరి పనిముట్టు. హార్పర్ ఎదుట చాలాసార్లు ఉన్నది బానిసత్వం బయట బతికే శ్రోతలు, అందుకే వాళ్లనే అడిగింది. హనుమంతు ఎదుట ఉన్నది ఆ జీతగాడి తల్లిదండ్రులు, అన్నదమ్ములు. అందుకే ఆయన పిల్లవాణ్ని అడిగాడు. పిల్లవాడు పాటలో ఎక్కడా బదులు చెప్పడు. ఆ బదులు చెప్పాల్సిన బాధ్యత వింటున్న ఊరి మీద పడుతుంది.

1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో పాట చేసిన పని ఇదే. దొర మాటను ఎదిరించి నోరు విప్పడం అలవాటులేని జనానికి, ముందు లోలోపల జవాబు చెప్పుకోవడం నేర్పింది. దేశంలో వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం వచ్చింది 1976లో. ఆ చట్టం నిషేధించిన పద్ధతుల జాబితాలో భగేలా, జీతం, పాలేరు, వెట్టి అన్నీ ఉన్నాయి. చట్టం పేర్లు రాసేలోపే పాట ఆ పేర్ల వెనకున్న పిల్లవాడి ముఖం చూపించింది.

హనుమంతు 1982లో కన్నుమూశాడు. నస్రుల్లాబాద్ అయినా నల్లగొండ అయినా, తెలుగు చెప్పే ఉపాధ్యాయులకు నా మనవి ఒకటే. ఈ పాటను బాధాకరమైన గతంగా పరిచయం చేసి వదిలేయకండి. చేత్తో తాళం వేయించి మూడు, నాలుగు మాత్రలు లెక్క పెట్టించండి. ప్రతి చరణంలో ప్రశ్న ఎక్కడ పడుతోందో పిల్లల చేతే వెతికించండి. కోపాన్ని కొలతలోకి, కొలతను ప్రశ్నలోకి మార్చడం ఒక విద్య. అన్యాయం కంటబడినప్పుడు ఏం అడగాలో ఆ విద్య వచ్చిన పిల్లలకు తెలుస్తుంది.