ఆ పొడవాటి చెవుల మధ్యనుంచి

కంచరగాడిద ఎక్కినవాళ్లు ముందు నేర్చుకోవలసింది దాని చెవుల భాష. రెండు చెవులూ ముందుకు నిక్కితే దారిలో ఏదో ఉందన్నమాట. ఒకటి వెనక్కి తిరిగితే మన మాట వింటోంది. రెండూ అడుగడుక్కీ మెత్తగా ఊగుతుంటే దానికి ఏ బెంగా లేదు, మనమూ పగ్గాలు వదులుగా పట్టుకోవచ్చు. అమెరికాలో మిస్సోరి, టెనెస్సీ, ఆర్కాన్సాస్ రాష్ట్రాల పల్లెల్లో పొలం కంచె వెంబడి ఇలా ఒక చుట్టు తిరిగి రావడం ఇప్పటికీ కొన్ని కుటుంబాలకు ప్రాణం. దుక్కి పని ఎన్నడో ట్రాక్టరుకు పోయింది. స్వారీ మాత్రం మిగిలింది, ఇష్టం కొద్దీ.

ఈ జంతువుకు తండ్రి గాడిద, తల్లి గుర్రం. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62, వీటి బిడ్డకు 63. ఆ బేసి లెక్క వల్లే కంచరగాడిదకు దాదాపు ఎప్పుడూ సంతానం కలగదు. తల్లి పోలికతో ఓ పిల్ల పుట్టి కొట్టంలో తిరగడమన్నది ఉండదు. గుర్రాలు పెంచే ఇంట్లో వంశం మిగులుతుంది, కంచరగాడిద ఉన్న ఇంట్లో వస్తువులు మిగులుతాయి. కొట్టం గోడకు వేలాడే కాలర్, గుమ్మం మీది లాడం, అల్లి దాచిన తోకవెంట్రుకలు ఆ కుటుంబాలకు ఎందుకంత విలువైనవో తెలుసుకోవాలంటే ఇక్కడ మొదలుపెట్టాలి.

దీనికి మొండిదని పేరు పెట్టడం అన్యాయం. భయం వేస్తే గుర్రం పరుగు తీస్తుంది. గాడిద ఆగి చూస్తుంది. ఆ గుణమే బిడ్డకూ వచ్చింది. చెక్క వంతెన ముందు కంచరగాడిద నిలబడిపోయిందంటే, ఆ పలకలు తన బరువు మోస్తాయో లేదో తేల్చుకుంటోందని అర్థం. తెలిసిన రౌతు అప్పుడు కొరడా తీయడు. పగ్గాలు కాస్త వదిలి, తల దించి వాసన చూడనిస్తాడు. మడమలతో మెల్లగా అదిమి, అది ఒక్క అడుగు వేయగానే ఆ ఒత్తిడి తీసేస్తాడు. అదమడం ఎవరికైనా వస్తుంది, సరైన క్షణంలో వదలడమే విద్య. ఆలస్యంగా వదిలితే అది పాఠాన్ని తప్పుగా పట్టుకుంటుంది, పట్టుకున్నదాన్ని అంత తేలిగ్గా మరిచిపోదు. చెవి మెలిపెట్టి లొంగదీసినవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. అలా దెబ్బతిన్న జంతువు ఏళ్ల తరబడి తలకు కళ్లెం తగలనివ్వదు. రోజూ మెడ నిమిరి, ఓపిగ్గా చెవి మొదలు దాకా చెయ్యి తీసుకెళ్లినవాళ్ల ముందు మాత్రం తనే తల వంచి నిలబడుతుంది.

గుర్రం జీను దీనికి అలాగే సరిపోదు. గుర్రానికి మెడ ముగిసేచోట ఎముక ఎత్తుగా లేచి జీనును ఆపుతుంది. కంచరగాడిదకు ఆ ఎత్తు తక్కువ, వీపు కూడా తిన్నగా ఉంటుంది. వాలు దిగేటప్పుడు జీను, మనిషి కలిసి మెడ మీదికి జారతారు. అందుకని పిరుదుల వెనకనుంచి చుట్టి జీనుకు కట్టే వెడల్పాటి తోలుపట్టీ వాడతారు. దాన్ని బ్రిచిన్ అంటారు. కొందరు దానికి బదులు తోక కిందనుంచి పోయే క్రప్పర్ అనే సన్నటి పట్టీ కడతారు. ఎంత బిగించాలన్నదే అసలు నేర్పు. చదును నేల మీద చెయ్యి దూరేంత వదులుండాలి, దిగుడు వచ్చినప్పుడే అది పట్టుకోవాలి. బిగువెక్కితే అడుగడుక్కీ ఒరుసుకుని చర్మం పుండవుతుంది, వదులైతే ఉన్నా లేనట్టే. గిట్ట కూడా వేరు. గుర్రపు గిట్టకంటే ఇరుకుగా, నిటారుగా ఉంటుంది కనుక లాడం సన్నటి యూ ఆకారంలో కొట్టాలి. గుర్రపు లాడానికి తగ్గట్టు ఆ గిట్టను చెక్కితే జంతువు నడకే చెడిపోతుంది.

మంచి స్వారీకి తల్లిని ఎంచుకోవడం ముఖ్యం. కనీసం 56 అంగుళాల ఎత్తుండే మామత్ జాతి మగగాడిదతో మిస్సోరి ఫాక్స్ ట్రాటర్, టెనెస్సీ వాకింగ్ హార్స్ వంటి నడక గుర్రాలను దాటిస్తారు. ఆ తల్లులనుంచి బిడ్డకు కుదుపులేని నడక రావచ్చు. అప్పుడు నడుము నొప్పుల వయసువాళ్లు కూడా పూటంతా జీను మీద కూర్చోగలరు. ఆర్కాన్సాస్‌లోని పీ రిడ్జ్ ఊళ్లో అక్టోబరులో జరిగే గెంతుల పోటీ ఇంకో ముచ్చట. ఒకప్పుడు రాత్రి పూట రకూన్లనే చిన్న అడవి జంతువుల వేటకు వెళ్లినవాళ్లకు ముళ్లకంచె అడ్డొస్తే, దిగి, తీగ మీద దుప్పటి పరిచి, కంచరగాడిదను అవతలికి గెంతించేవారు. దానికి పరుగు అక్కర్లేదు. నిలుచున్న చోటే వెనక కాళ్లు మడిచి, తన భుజం కంటే ఎత్తున్న అడ్డాన్ని దాటేస్తుంది. వేటలో పుట్టిన ఆ నేర్పే ఈనాటి పోటీ.

ఈ సంప్రదాయం అమెరికాలో ఎలా స్థిరపడిందో రెండు మాటల్లో చెప్పొచ్చు. స్పెయిన్ రాజు మూడో చార్లెస్ పంపిన మగగాడిద 1785లో జార్జ్ వాషింగ్టన్ ఎస్టేటుకు చేరింది, ఆయన దానికి రాయల్ గిఫ్ట్ అని పేరు పెట్టాడు. 1820లలో సాంటా ఫే దారిలో వ్యాపారం చేసే వర్తకులు మెక్సికో కంచరగాడిదలను మిస్సోరికి తోలుకొచ్చారు. 1995లో మిస్సోరి కంచరగాడిదనే తన రాష్ట్ర జంతువుగా ప్రకటించుకుంది.

కానీ అమెరికా దక్షిణాదిలో దున్నకం భారం ఎవరి భుజాల మీద ఉండేదో చెప్పకుండా ముందుకు పోలేను. వాషింగ్టన్ పొలాల్లో పనిచేసింది బానిసలే. అంతర్యుద్ధం ముగుస్తుండగా, 1865 జనవరిలో ఉత్తరాది సేనాని జనరల్ షెర్మన్ విముక్తులైన నల్లజాతి కుటుంబాలకు 40 ఎకరాల దాకా భూమి ఇవ్వాలని ఆజ్ఞ ఇచ్చాడు. కొందరికి సైన్యం దగ్గరున్న కంచరగాడిదలు కూడా దక్కాయి. ఆ ఏడాదే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ చాలా మటుకు భూమిని పాత యజమానులకు తిరిగి ఇప్పించాడు. ఆ మాట తప్పిన బాధ నల్లజాతి జ్ఞాపకంలో 40 ఎకరాలు, ఒక కంచరగాడిద అన్న రూపంలోనే నిలిచింది. 1968 ఏప్రిల్ 9న అట్లాంటాలో పౌరహక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ శవపేటికను ఒక మామూలు పొలం బండి మీద ఉంచి, రెండు కంచరగాడిదలతో లాగించారు. పేదల పక్షాన నిలిచిన మనిషికి అంతకన్నా తగిన వాహనం లేదు. ఆ బండిని అట్లాంటాలో భద్రంగా దాచారు. పొలం వస్తువు ఒక జాతి గుర్తుగా మారడం అంటే అదీ.

ఇళ్లలో దాచుకునేవి ఇంకా చిన్నవి. కళ్లెం ముక్కు పట్టీ మీది ఇత్తడి బిళ్ల, అరిగిపోయిన లాడం, చెవుల మధ్యనుంచి దారి కనబడేలా జీను మీదనుంచి తీసిన ఫొటో. వీటన్నిట్లోకీ నాకు కాలర్ గొప్పదనిపిస్తుంది. గట్టి తోలు లోపల రై గడ్డి దట్టించి కుట్టే మెడ దిండు అది. దాని ఇరువైపులా హేమ్స్ అనే వంపు కర్రలు బిగించి, వాటినుంచి బరువు లాగిస్తారు. సరిపోయిందో లేదో చూడాలంటే గొంతు దగ్గర, కాలర్ కింది అంచులో అరచెయ్యి చదునుగా దూరాలి. దూరకపోతే ఊపిరి ఆడదు, మరీ చోటుంటే భుజాల మీద అటూ ఇటూ కదిలి పుండు చేస్తుంది. వాడగా వాడగా ఆ కాలర్ ఒకే ఒక్క మెడకు తగ్గట్టు వంగిపోతుంది. ఎడమ భుజం కాస్త ముందుకు వేసే జంతువైతే ఆ వైపు తోలు ఎక్కువ నిగనిగలాడుతుంది. తెలిసినవాళ్లు దాన్ని చేత్తో తడిమి ఏ జంతువుదో చెప్పగలరు. ఒంగోలు గిత్తలు పోయిన ఏళ్ల తర్వాత కూడా మన రైతుల ఇళ్లలో మేకుకు వేలాడే మువ్వల పట్టెడను చూసినవాళ్లకు ఈ ప్రేమ కొత్తగా అనిపించదు.

హేమ్స్‌ను అద్దాల చట్రాలుగా మార్చి గోడకు తగిలించుకునేవాళ్లున్నారు. తప్పు లేదు, కానీ రంగు మాత్రం వేయకూడదు. గొలుసు రాసుకున్న గాడి, చెమటకు నల్లబడిన చెక్క రంగు కింద మాయమైపోతాయి. తోలు వస్తువుకు ఏడాదికి ఒకటి రెండుసార్లు జీను సబ్బు, తర్వాత పల్చగా నీట్స్‌ఫుట్ నూనె చాలు. ఎక్కువ పూస్తే తోలు మెత్తబడి సాగిపోతుంది. కాలర్‌ను బకిల్ పెట్టే వేలాడదీయాలి, విప్పి ఉంచితే ఆకారం పోతుంది.

పాత కాలర్ కొత్త కంచరగాడిదకు వేయరు, అది ఇంకొకదాని మెడ కొలత. కొత్తది కొనాలి. పాతకాలపు తోలరులు దాన్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున్న తడిగా ఉండగానే మెడకు వేసి, హేమ్స్ బిగించి, తేలికపాటి బరువు లాగించేవారు. గీ అంటే వలపలికి, హా అంటే దాపలికి తిప్పుతూ, ఆ తోలు ఆరేలోగా దాని మెడ వంపులోకి సర్దుకునేలా చూసేవారు.