కజ్జికాయ అంచు

2024లో దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబర్ 31నే వచ్చాయి. అమెరికాలో పిల్లలు హాలోవీన్‌కి బిస్కెట్ల మీద చక్కెర పూతతో దెయ్యం కళ్లు దిద్దుతారు. అలాగే అనకాపల్లి జిల్లా కోటవురట్ల వైపు పండగ పిండివంటల్లో పిల్లల చేతికి దక్కే అలంకారం కజ్జికాయ అంచు.

పిండి పెద్దలు కలుపుతారు: మైదా, కాస్త బొంబాయి రవ్వ, కాచిన నెయ్యి. లోపలికి కొబ్బరికోరు, బెల్లం దగ్గరపడేదాకా ఉడికించిన లౌజు, యాలకుల పొడి. అనకాపల్లి బెల్లం మార్కెట్ అంత దగ్గర ఉండగా పంచదార వాడడం నాకు నచ్చదు. అసలు పనితనం మాత్రం మడతలో ఉంది. పూరీని సగానికి మడిచి, అంచు తడిచేసి నొక్కి, బొటనవేలితో కొద్దికొద్దిగా లోపలికి మడుస్తూ పోతే జడలాంటి అల్లిక వస్తుంది. అందం కోసమే అనుకుంటాం గానీ, ఆ అల్లికే మూత. అది వదులైతే లౌజు నూనెలోకి జారి మాడుతుంది, తర్వాతి వాయి అంతా నల్లమచ్చలే. మూకుడు దగ్గరికి మాత్రం పిల్లల్ని రానివ్వరు, అది సరైన పనే.

ప్లాస్టిక్ అచ్చుతో పని త్వరగా అవుతుంది, అన్నీ ఒకేలా వస్తాయి. చేత్తో అల్లినవైతే ఏది ఎవరిదో పళ్లెంలో చూసి చెప్పేయొచ్చు. పక్కన ఎంత చక్కనిది ఉన్నా, చిన్నవాళ్లు తాము చేసిన వంకరదాన్నే వెతుక్కుని తింటారు.