పంటి పదును
(ముందుమాట)

తీరవాసులైన పూర్వమానవులు సొరచేప పళ్లను ఏ పనికి వాడుకున్నారో చెప్పే పుస్తకమిది. చిరంజీవి రచయిత్రి రాతప్రతి పంపగానే ఏకబిగిన చదివాను. చదువుతున్నంతసేపూ సంతోషపడ్డాను.

సులవేసి అధ్యాయం ఈ పుస్తకానికి ఆయువుపట్టు. ఇండోనేసియాలోని ఆ దీవి దక్షిణ భాగాన లియాంగ్ పన్నింగే, లియాంగ్ బులు సిపోంగ్ గుహల్లో దొరికినవి రెండే రెండు పళ్లు. రెండూ పులిసొరవే. వయసు దాదాపు 7,000 ఏళ్లు. 2023లో ‘యాంటిక్విటీ’ పత్రిక ఈ సంగతి ప్రకటించేదాకా, తెలిసిన సొరపంటి కత్తులేవీ 5,000 ఏళ్లకు మించినవి కావు.

పంటి మొదట్లో బెజ్జం కనబడితే మెళ్లో వేసుకున్న పూసేనని ఎవరికైనా తోస్తుంది. న్యూ ఐర్లండ్ దీవిలోని బువాంగ్ మెరబాక్ గుహలో దొరికిన ఇంకా ఎంతో పాత పన్నును నగగానే ఎంచారు. సులవేసి పళ్ల కథ వేరు. పిడికి బిగించిన నార జాడ, జిగురు జాడ వాటి మీద నిలిచే ఉన్నాయి. అంచుల అరుగుదలను సూక్ష్మదర్శినిలో చూస్తే మాంసాన్ని గుచ్చి, కోసి, ఎముక గీరిన గుర్తులు బయటపడ్డాయి. పరిశోధకులు అలాంటి కత్తులే చేసి పంది తొడ మీద ప్రయోగించారు. గాటు పొడవుగా, లోతుగా దిగింది. పదును మాత్రం ఇట్టే పోయింది.

రోజూ కోతకు పనికిరాని కత్తిని అంత శ్రద్ధగా ఎందుకు కట్టారు? పోరుకో, ఏదైనా క్రతువుకో అయి ఉండొచ్చునంటారు పరిశోధకులు. కిరిబాటి దీవులవాళ్లు కొబ్బరి నారతో సొరపళ్లు కట్టిన ఆయుధాలు చూపించి, అదే ఇదీ అని తేల్చేయడం సులువు. కానీ ఆ రెంటికీ మధ్యలో వేల ఏళ్లున్నాయి. రచయిత్రి ఆ పోలికను ఊహకు ఆసరాగా తీసుకుందే తప్ప రుజువుగా చెప్పలేదు. ఈ నిగ్రహం పెద్ద పండితుల్లోనూ అరుదుగా చూశాను. ఆమెను మనసారా మెచ్చుకుంటున్నది ఇందుకే.

ఒక్క కోరిక. ఫ్లోరిడాలోని కీ మార్కో బురదలో 1896లో పురావస్తు పరిశోధకుడు కుషింగ్ తవ్వి తీసిన చెక్క వస్తువుల్లో సొరపళ్లు అమర్చినవీ ఉన్నాయి. పిడులు సైతం కుళ్లకుండా దక్కిన అరుదైన చోటు అది. దానికి రెండే పేజీలు చాలవు. మలి ముద్రణలో ఆ భాగాన్ని ఇంకా పెంచి రాయాలని అడుగుతున్నాను.