తక్కెడలో ఎసిటోన్

పోయిన ఆదివారం రైతుబజారులో ఎలక్ట్రానిక్ కాటా ఛార్జింగ్ అయిపోయి, చిక్కుళ్ళమ్మే ఆవిడ గోనెసంచి అడుగు నుంచి పాత తక్కెడ తీసింది. పాసంగం లేదని ఖాళీ తక్కెడ ఎత్తి చూపించింది. నాకు కావలసింది పావు కిలో, ఆవిడ దగ్గరున్నది అరకిలో రాయి ఒక్కటే. ముందు అరకిలో తూచింది. రాయి తీసేసి, ఆ చిక్కుళ్ళనే రెండు పళ్ళేల్లోకీ సర్దుతూ ముల్లు నిలిచేదాకా చూసింది. "ఇదిగో బాబాయ్, పావు" అంది. ఇంత నికార్సయిన కొలత ఈ మధ్య నేను చూడలేదు.

ఈ కాలమ్ చదివేవారికి నా పాత పట్టు తెలుసు. దేన్నయినా దానికదిగా కొలవాలి, పక్కదానితో పోల్చి కాదు. పిల్లల మార్కుల మీద, ఊళ్ళ ర్యాంకుల మీద ఎన్నిసార్లు రాశానో! ఆ పట్టు నాకు ప్రయోగశాలలో వచ్చింది. పరిశోధక విద్యార్థిగా నేను కొలిచింది గాలిలో ఉండే హైడ్రాక్సిల్ రాడికల్ అనే కణం ఎసిటోన్‌తో ఎంత వేగంగా చర్య జరుపుతుందో. గోళ్ళరంగు చెరిపే ద్రవంలో ఉండేది ఎసిటోనే. చెట్లూ దాన్ని గాలిలోకి వదులుతాయి. హైడ్రాక్సిల్ పగటి గాలిలో ఘన సెంటీమీటరుకు ఏ పది లక్షల కణాలో ఉంటుంది, పుట్టిన సెకను లోపలే దేన్నో పట్టుకుని పోతుంది. ఎసిటోన్ జోలికి మాత్రం నిదానంగా వెళ్తుంది. ఎసిటోన్‌లాగే కార్బొనైల్ జాతి రసాయనమైన ఎసిటాల్డిహైడ్‌తో దాని చర్య సుమారు 80 రెట్లు వేగం. ఎసిటాల్డిహైడ్‌ని ఒక్క రోజులో ముగించే హైడ్రాక్సిల్‌కి ఎసిటోన్‌ని ముగించడానికి రెండు నెలలకు పైనే పడుతుంది.

మా పద్ధతి ఇది. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి మీద 248 నానోమీటర్ల లేజర్ మెరిస్తే హైడ్రాక్సిల్ పుడుతుంది. 282 నానోమీటర్ల రెండో లేజర్ తగిలితే అది వెలుగుతుంది. ఆ వెలుగు మిల్లీసెకన్లలో తగ్గిపోతుంది, ఎసిటోన్ పెంచినకొద్దీ ఇంకా త్వరగా. ఎంత పెంచితే ఎంత త్వరగా అన్నది గ్రాఫు మీద గీత, ఆ గీత వాలే మనకు కావలసిన అంకె. హైడ్రాక్సిల్ ఎంత ఉందో తెలియనక్కర్లేదు, తరిగే తీరు తెలిస్తే చాలు. ఎంత అందమైన ఆలోచన అది! నాకు ఇప్పటికీ అంతే ఇష్టం.

పక్క గదిలో మా సీనియర్ పని వేరు. టెఫ్లాన్ సంచిలో ఎసిటోన్‌నీ ఈథేన్‌నీ కలిపి నింపి, హైడ్రాక్సిల్ పుట్టేలా దీపాలు వెలిగించి, ఏది ఎంత తరిగిందో గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో చూసేవాడు. ఈథేన్ వేగం ముందే తెలుసు గనక నిష్పత్తి కడితే ఎసిటోన్‌ది వచ్చేస్తుంది. అది కొలతే కాదనేవాణ్ణి. ఈథేన్ అంకె తప్పయితే నీదీ తప్పే, పాసంగం చూడని తక్కెడ నీది అని వాదించేవాణ్ణి.

నాకేమో ఎనిమిది నెలలపాటు పుస్తకాల్లో ఉన్నదానికంటే పాతిక శాతం ఎక్కువ వచ్చింది. లేజర్ శక్తి తగ్గించి చూశాను, పీడనం కొలిచే గేజి మార్చాను. గీతలన్నీ తిన్నగా వచ్చేవి, అందుకే తప్పు కనబడలేదు. చివరికి సీనియరే నా గాజుబుడ్డిలోని ఎసిటోన్‌ని తన సంచిలో వేసి చూశాడు. అతనికి పుస్తకంలోని అంకే వచ్చింది! పైగా కాగితం మీద ఎసిటోన్ శిఖరానికి ముందు ఒక చిన్న బొడిపె కనిపించింది. ఆ బుడ్డిలో అంతకుముందు ఎసిటాల్డిహైడ్ ఉంచారు, మూత గ్రీజులో అది నాని ఉంది. వెయ్యికి మూడు పాళ్ళు, అంతే. మూడెనభైలు రెండొందల నలభై. అంటే వెయ్యికి రెండొందల నలభై అదనం, నా పాతిక శాతం దాదాపు అదే. హైడ్రాక్సిల్ తరిగిందని నా పద్ధతికి తెలుస్తుంది గానీ ఎవరివల్ల తరిగిందో తెలియదు. అతను చూసేది ఎసిటోన్‌ని, కల్తీని కాదు.

ఇది నా ఒక్కడి అనుభవమే కాదు. వేగం సరిగా తెలిసినా, చర్య ఏ దారిన పోతోందో పొరబడవచ్చు. 2000లో జర్మనీలోని మైంజ్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థవాళ్ళు, చలి పెరిగేకొద్దీ హైడ్రాక్సిల్, ఎసిటోన్‌ల చర్య నెమ్మదించడం ఒక దశలో ఆగిపోతుందని కనిపెట్టారు. సుమారు సగం చర్య ఎసిటిక్ ఆమ్లం పుట్టే దారిలో పోతోందని లెక్కకట్టారు. 2003లో అమెరికాలోని బౌల్డర్‌లో ఎ.ఆర్. రవిశంకర బృందం మళ్ళీ కొలిచింది. వేగం మాట నిజమేనంది. ఎసిటిక్ ఆమ్లాన్ని నేరుగా వెతికితే మాత్రం నూటికి ఒక పాలు కూడా దొరకలేదు.

చిక్కుళ్ళు రెండు పళ్ళేల్లో సర్దుతుంటే ఇన్నేళ్ళకు ఆ టెఫ్లాన్ సంచి గుర్తొచ్చింది. పోల్చడం తక్కువ రకం కొలత అని ఇక్కడ రాసిన ప్రతిసారీ తప్పే రాశాను. రాయి బరువు తెలిసినప్పుడు, ముల్లు సరిగా నిలిచినప్పుడు పోలికే గట్టి కొలత. పిల్లల మార్కుల గురించి మాత్రం నా మాట మారదు. అక్కడ రాయిగా పెడుతున్న పక్కింటి పిల్లాణ్ణి ముందు ఎవరూ తూచలేదు.