గడప దగ్గర ఆగిన చట్టం

న్యూయార్క్ అద్దె భవనాల్లో చుట్టలు చుట్టడాన్ని నిషేధిస్తూ 1884లో వచ్చిన చట్టాన్ని ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం మరుసటి ఏడే కొట్టివేసింది. పొగాకు ప్రజారోగ్యానికి చేటని తమకు తోచడం లేదని, ఇంట్లో పనిచేసుకునే మనిషిని అడ్డుకోవడం స్వేచ్ఛాహరణమని తీర్పు సారాంశం. న్యాయమూర్తులు పవిత్రమని తలచిన ఆ ‘ఇల్లు’ నిజానికి బొహీమియా నుంచి వలసవచ్చిన కుటుంబాలు పిల్లాపాపలతో పొగాకు మధ్యే వండుకుని, అక్కడే నిద్రపోయే గది. ఆ గదులు స్వయంగా చూశాకే యువ శాసనసభ్యుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ బిల్లు వైపు మొగ్గాడు.

తరువాతి చట్టాలు వేరే దారి పట్టాయి. అద్దె గదుల్లో కుట్టిన కోటుతో పాటు అంటురోగమూ కొన్నవారి ఇంటికి చేరుతుందన్న భయం వాటికి ఊపిరి. 1894లో షికాగోలో మశూచి చెలరేగినప్పుడు ఇల్లినాయ్ ఫ్యాక్టరీల ప్రధాన తనిఖీ అధికారి ఫ్లోరెన్స్ కెల్లీ రోగమున్న ఇళ్లలో తయారైన దుస్తుల వెంటపడింది. ఆమెకు కార్మికుల మీద ఉన్న మమకారం శంకించరానిది. అయినా ఆమె చేతికి అందిన ఆయుధం కొనుగోలుదారు భయమే. అంటని జబ్బులకు, వంగిపోయిన వెన్నుకు, మసకబారిన చూపుకు అందులో చోటు దొరకలేదు.

నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల ఆడవాళ్లు ఒడిలో చేట పెట్టుకుని తునికాకులో పొగాకు చుడుతూనే ఉన్నారు. బీడీ కార్మికుల కోసం 1966లో భారత పార్లమెంటు చేసిన చట్టం కంపెనీ ఇచ్చిన ముడిసరుకుతో ఇంట్లో పనిచేసే మనిషినీ ఉద్యోగిగా గుర్తించింది. ఆ కాలానికి అది చిన్న సంగతి కాదు. అయితే శుభ్రత, గాలి వెలుతురు గురించిన నిబంధనలను పని ఆవరణలకే పరిమితం చేసి, ఆ ఆవరణ నిర్వచనంలోంచి సొంత నివాసాన్ని తప్పించింది. అంటే మనిషి చట్టం లోపల, ఆమె పీల్చే గాలి చట్టం బయట. 1976 నాటి సంక్షేమ నిధి ఆసుపత్రులు కట్టించింది, అదీ జబ్బు చేశాక పనికొచ్చేదే.

తనిఖీ పేరుతో అధికారి వంటింట్లోకి రావడం ఎవరికీ ఇష్టముండదు. ఆ పని తప్పితే వేరే ఆదాయం లేని ఇంట్లో అది బెదిరింపుగానూ మారవచ్చు. అందుకే బాధ్యత ఇంటి మీద కాక, సరుకు పంపే యజమాని మీద ఉండాలి: పని చేసుకునేందుకు ఊళ్లో గాలి ఆడే షెడ్డు, ఏటా ఊపిరితిత్తుల పరీక్ష, వాటి ఖర్చు. ఇప్పటికైతే తప్పకుండా తనిఖీ చేసేవాడు బీడీల కట్టలు లెక్కపెట్టి, నాసిరకమని కొన్నిటిని తీసిపారేసే కమీషన్‌దారే.

గృహాధారిత శ్రమకూ వృత్తి ఆరోగ్య చట్టాలు వర్తించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒడంబడిక 1996లోనే చెప్పింది. భారత్ గానీ, అమెరికా గానీ దాన్ని ఆమోదించలేదు.