“కాన్సరు జన్యువు” అను మాట తగునా?

ఆంకోజీను అను పదమునకు మన పాఠములలో “కాన్సరు జన్యువు” అని చెప్పుట వాడుకయైనది. మాట నోటికి సులువైనదే. కాని అది విద్యార్థికి రెండు అపోహలను ఒక్కసారే కలిగించును: ఆ జన్యువు రోగమునకై పుట్టినదనియు, అది తరతరములుగా ఇంటిలో దిగివచ్చుననియు. ఆదోనిలోనో, ఎమ్మిగనూరులోనో ఒక ఇంట ఈ జబ్బు కనబడినచో ఆ ఇంటి పిల్లను చేసుకొనుటకు వెనుకాడువారు లేరని ఎవరు చెప్పగలరు? కనుక ఇది కేవలము పదముల తగవు కాదు.

కోళ్లలో కంతిని కలిగించు వైరసులోని జన్యువునకు మూలము ఆరోగ్యముగా నున్న కోడి కణములోనే కలదని బిషప్, వార్మస్ బృందము 1976లో చూపెను. కణము పెరుగుటకు అట్టి జన్యువులు అవసరము. చెడినప్పుడే చిక్కు.

ఆ చెడుట ఎంత స్వల్పమో తెలిపినవారిలో మన ఉస్మానియాలో చదివిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి ఒకరు. మనిషి మూత్రకోశపు కాన్సరు కణములలో రాస్ జన్యువునందు ఒకే అక్షరము మారినదని, ఆ ప్రోటీనులో 12వ స్థానమున గ్లైసీనుకు బదులు వాలీను చేరినదని ఆయనయు, సహచరులును 1982లో “నేచర్” పత్రికలో ప్రకటించిరి. 1938 నుండి చేనేత సహకార సంఘమునకు పేరొందిన ఎమ్మిగనూరులో ఉపాధ్యాయుడు దీనిని జకార్డు అట్టతో చెప్పవచ్చును: ఒక్క రంధ్రము తప్పిన, బట్ట పొడవునా అదే తప్పు. అయితే ఈ పోలిక సగమే సరిపోవును. రాస్ ఒక మీట వంటిది. పని కాగానే తనంతట తాను ఆగవలెను. వాలీను చేరినచో ఆగదు. మగ్గము ఆగకపోవుటను అట్ట చూపజాలదు.

“ఒక అక్షరము మారిన కాన్సరే” అని చెప్పుట మరింత తప్పు. నాటి ప్రయోగములలో వాడిన ఎలుక కణములు పాత్రలో అంతులేక విభజన చెందుటకు ముందే అలవాటుపడినవి. తాజా ఎలుకపిండ కణములకు రాస్ ఒక్కటి చాలదని, మిక్ వంటి మరొకటి తోడు కావలెనని 1983లో వైన్‌బర్గ్ ప్రయోగశాల చూపినది. ఇక వ్యాప్తి వేరే కథ. కణము పొరుగు కణముల పట్టు విడవవలెను, రక్తములో చేరవలెను, అన్యస్థలమున నిలవవలెను. రాస్ సంకేతము కదలికకు తోడ్పడును గాని, రక్తములో చేరిన కణములలో అధికభాగము నశించును. “జన్యువు, కంతి, వ్యాప్తి” అని రెండు బాణములు గీసిన పటము ఈ తతంగమునంతటిని ఆ బాణములలోనే దాచివేయుచున్నది.

వంశపారంపర్యముగా వచ్చు కాన్సర్లు నూటికి 5 నుండి 10 మాత్రమే. తక్కినవానిలో మార్పులు బ్రతుకుకాలమున శరీర కణములలో జరుగును. వానిని బిడ్డలు పొందరు. పొగత్రాగువారి ఊపిరితిత్తుల కాన్సరులో రాస్ కుటుంబమునకే చెందిన మరొక జన్యువు తరచు అదే 12వ స్థానమున చెడును. అక్కడ సిస్టీను చేరినప్పుడు పనిచేయు సోటోరాసిబ్ అను మందుకు 2021లో అమెరికాలో అనుమతి లభించినది.

“చెడిన వృద్ధి జన్యువు” అనిన మాట కొంత పొడవగును. పెరుగుదలను అదుపుచేయు జన్యువులు చెడుటయు కాన్సరునకు కారణమే గనుక, వానికి వేరొక పేరు వెదుకవలసియుండును.