అను ఫాంట్లు ఉన్నచోటే పని

మా నడిగూడెం నుంచి శుభలేఖ వేయించాలన్నా, కరపత్రం కొట్టించాలన్నా కోదాడ డీటీపీ సెంటర్లకు వెళ్తుంటాం. అక్కడ కూర్చుని ప్రూఫులు దిద్దడం నాకు ఇష్టమైన పని. ఎక్కడ ఒత్తు ఎగిరిపోయిందో, ఎక్కడ సున్నా జారిందో వెతుకుతూనే ఆపరేటర్ వేళ్ల వేగానికి ముచ్చటపడుతుంటాను. నేను చూసిన ప్రతి తెర మీదా అదే విండోస్, పేజీలు కూర్చే అదే పేజ్‌మేకర్, అవే ‘అను’ తెలుగు ఫాంట్లు.

పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ మరో పెద్ద వెర్షన్ తేలేదు. అయినా వదలరు, వదల్లేరు. పాత ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి మరి. పాత అను ఫాంట్లలో కొట్టింది యూనికోడ్ తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో మన గుణింతపు ముక్కల్ని పేర్చిన ఏర్పాటు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పెళ్లికొడుకు పేరు పిచ్చి గుర్తులైపోతుంది. ఆ ఫైళ్లను తెరవలేని కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎంత గొప్పదైతే మాత్రం ఈ ఆపరేటర్లకేం లాభం? ముహూర్తం దగ్గరపడినవాళ్లకు కార్డు చేతికందాలి. హైదరాబాద్ ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఉచితంగానే ఇచ్చింది. నేను కూర్చున్న సెంటర్లలో అదీ కనబడలేదు.

ఉచితానిదే ఆ పరిస్థితి అయితే, డబ్బుకు అమ్మేవాళ్ల కష్టం చెప్పనక్కర్లేదు. బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వీడియో, ఆడియో పనుల్లో చురుకుదనానికి 1990ల్లో పేరు తెచ్చుకుంది. కంప్యూటర్లలో దాన్ని వేసి అమ్మే కంపెనీలు దాదాపు దొరకలేదు. 2001లో పామ్ కంపెనీ 1.1 కోట్ల డాలర్లకు ఆ సాఫ్ట్‌వేర్‌ను కొనేసుకుంది. మరోవైపు, ఐబీఎం ఓఎస్/2కు వారసురాలైన ఆర్కాఓఎస్‌ను ఇంకా అమ్ముతున్నారంటే, పాత ప్రోగ్రాములు మానలేనివాళ్లు ఉండబట్టే.

మైక్రోసాఫ్ట్‌కే ఈ దెబ్బ తగిలింది. 2010లో వచ్చిన విండోస్ ఫోన్‌కు యాప్‌లు తక్కువని జనం రాలేదు, జనం తక్కువని యాప్‌లు రాసేవాళ్లు రాలేదు. మన హైదరాబాద్ సత్య నాదెళ్ల పగ్గాలు చేపట్టిన మరుసటి ఏడాది, 2015లో, తాము కొన్న నోకియా ఫోన్ల వ్యాపారం కింద దాదాపు 760 కోట్ల డాలర్లు నష్టంగా రాసేశారు.

కొత్త సిస్టమ్ తయారుచేసేవాళ్లు తమ గొప్పలు తర్వాత చెప్పుకోవచ్చు. ముందు కోదాడ వచ్చి ఓ పాత పేజ్‌మేకర్ ఫైలును అక్షరం చెదరకుండా తెరిచి చూపించాలి. ఆపరేటర్ మిత్రులకూ ఒక మనవి: కొత్త పనులనైనా యూనికోడ్‌లో కొట్టండి, పాతవాటిలో ముఖ్యమైనవి మార్చి ఒక ప్రతి దాచండి.